పెద్దలతో మాటల ఆట

ఈద్ రోజున మన ఇళ్లలో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. నమాజ్ ముగించుకుని బంధువులు ఒక్కొక్కరుగా వస్తారు. షీర్‌ఖుర్మా గిన్నెలు చేతులు మారుతుంటాయి. ముందుగదిలో మంచం మీద కూర్చున్న పెద్దావిడ దగ్గరకు ఎవరో ఒకరు వంగి, "నన్ను గుర్తుపట్టారా దాదీ? నేనెవరో చెప్పండి చూద్దాం!" అంటారు. ప్రేమతోనే అంటారు. చుట్టూ ఉన్నవారు నవ్వుతూ జవాబు కోసం ఎదురుచూస్తారు. ఆవిడ ఒక క్షణం ఆ ముఖంలోకి చూసి, "ఎందుకు గుర్తులేదు బేటా, కూర్చో, తిను" అని మాట దాటవేస్తారు. పేరు మాత్రం చెప్పరు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మూడేళ్ల క్రితం ఈదుల్ ఫిత్ర్ నాడు మా అమ్మీని వరుసగా ఐదారుగురు ఈ ప్రశ్న అడిగారు. అప్పటికి ఆమెకు డెబ్బై ఆరేళ్లు. మేమూ పక్కనే నిలబడి నవ్వాము. ఆ తరువాత వచ్చిన బక్రీద్‌కు ఆమె ముందుగదిలోకి రాలేదు. మోకాళ్ల నొప్పి అన్నారు. నిజానికి ఆమెను ఆపినది ఆ ప్రశ్న. ఆ సంగతి మాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది.

వృద్ధాప్యంలో మెదడును చురుకుగా ఉంచడానికి మాటల ఆటలు తోడ్పడతాయని ఇటీవల తరచుగా వింటున్నాము. ఇందులో నిజమెంత? మన ఇళ్లకు తగిన ఆటలు ఏవి? వాటిని ఎలా ఆడితే పెద్దల మనసు నొచ్చుకోకుండా ఉంటుంది? ఈ మూడు విషయాలను ఇక్కడ పరిశీలిద్దాం.

మరపులన్నీ ఒకటి కావు

వయసు పైబడినకొద్దీ పేర్లు వెంటనే నోటికి రాకపోవడం, కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం సహజం. మెదడు పని ఆగిపోలేదు, నెమ్మదించింది అంతే. అయితే తెలిసిన దారిలోనే తప్పిపోవడం, ఏళ్ల తరబడి చేసిన వంటను ఎలా మొదలుపెట్టాలో తోచకపోవడం, కొద్దిసేపటి క్రితం అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడగడం వంటివి వేరు. వీటి వెనుక డిమెన్షియా అనే వ్యాధి ఉండవచ్చు. 2023లో ప్రచురితమైన ఒక దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం, మన దేశంలో అరవై ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. పురుషులలో కన్నా స్త్రీలలో, పట్టణాలలో కన్నా పల్లెలలో ఇది ఎక్కువగా కనిపించింది.

ఇక్కడ మనం గమనించవలసిన శుభవార్త ఒకటుంది. వయసుతోపాటు మెదడు శక్తులన్నీ ఒకే తీరుగా తగ్గవు. కొత్త విషయాన్ని త్వరగా గ్రహించే వేగం ముందుగా తగ్గుతుంది. జీవితమంతా కూడబెట్టుకున్న మాటల సంపద మాత్రం చాలాకాలం నిలుస్తుంది. డెబ్బై ఏళ్ల నానీకి తెలిసిన మాటలలో సగం కూడా పదిహేనేళ్ల మనవడికి తెలియవు. ఫోను నొక్కడంలో ఆమె అతడితో పోటీపడలేకపోవచ్చు. మాటల ఆటలో మాత్రం అతడే ఆమెతో పోటీపడలేడు. పెద్దలకు మాటల ఆటలు ప్రత్యేకంగా నప్పడానికి కారణం ఇదే.

మాట వెతకడంలో మెదడు చేసే శ్రమ కూడా తక్కువేమీ కాదు. "నోట్లో ఆడుతోంది గాని బయటికి రావడం లేదు" అని మనమంతా అంటుంటాము. ఆ క్షణంలో మాట అర్థం మనకు తెలుసు; దాని ధ్వని మాత్రం అందదు. మొదటి అక్షరం ఏదై ఉంటుంది, దానికి దగ్గరగా ఉన్న మాట ఏమిటి అని మెదడు అన్ని వైపులా తలుపులు తడుతుంది. అలా వెతికి పట్టుకున్న ప్రతిసారీ ఆ మాటకు వెళ్లే దారి కొంత బాగుపడుతుంది. వాడని దారిలో గడ్డి మొలుస్తుంది కదా! మాటల దారి కూడా అంతే.

హైదరాబాదు చెప్పిన సంగతి

ఈ విషయంలో ప్రపంచమంతా గమనించిన ఒక పరిశోధన మన హైదరాబాదులోనే జరిగింది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే మనమంతా నిమ్స్ అని పిలుచుకునే ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఒకే భాష మాట్లాడేవారితో పోల్చితే, రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయ్యాయి. అంతకన్నా విశేషం, బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే ఇది చదువు వల్ల కలిగిన లాభం మాత్రమే కాదు. ఒక భాషలో మాట్లాడుతున్నప్పుడు రెండవ భాషను అదుపులో ఉంచుతూ, ఎవరితో ఏది మాట్లాడాలో క్షణక్షణం ఎంచుకోవడం మెదడుకు నిరంతర వ్యాయామమని పరిశోధకులు భావిస్తున్నారు.

ఈ ఫలితాన్ని మన ఇళ్లకు అన్వయించి చూద్దాం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, పఠనంలో అరబీ. మన పెద్దలలో అనేకులు జీవితమంతా ఇలాగే గడిపారు. తెలుగే ఇంటి భాషగా ఉన్న నూర్‌బాషా కుటుంబాలలోనూ దుఆల ద్వారా, బంధుత్వాల ద్వారా రెండవ భాష చెవిన పడుతూనే వచ్చింది. దీన్ని మనం ఎన్నడూ సంపదగా లెక్కించలేదు. పైగా, "దాదీకి సరిగా తెలుగు రాదు", "నానాది పాతకాలపు ఉర్దూ" అని నవ్వుకున్నాము. పెద్దలు బజారుకు వెళ్లడం మానుకున్న నాడు వారి తెలుగు సగం మూగబోతుంది. పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకోవడం మొదలుపెట్టిన నాడు వారి ఉర్దూ కూడా గదిలో ఒంటరిగా మిగిలిపోతుంది. చూడటానికి ఇల్లు నిండుగానే ఉంటుంది; వారితో మాట్లాడేవారు మాత్రం ఉండరు.

గళ్లు నింపితే చాలా?

గళ్ల నుడికట్టు పుట్టి నూరేళ్లు దాటింది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ నగరంలోని ఒక పత్రికలో ఆర్థర్ విన్ అనే ఉద్యోగి మొదటిసారి దాన్ని ప్రచురించారు. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు సైతం దాన్ని ముచ్చటపడి కూర్చారు. ఇంగ్లీషు ఆటలో గడికొక అక్షరం కాగా, తెలుగులో గుణింతంతో, ఒత్తుతో కలిసిన పూర్తి అక్షరం ఒక గడిలో చేరుతుంది. అందువల్ల మన నుడికట్టు రుచి వేరు.

దీని ప్రయోజనాన్ని పరిశోధకులు పలుమార్లు పరీక్షించారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో డెబ్బై ఐదేళ్లు పైబడిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. పుస్తకాలు చదవడం, బల్లపై ఆడే ఆటలు ఆడటం వంటి అలవాట్లు ఉన్నవారిలో డిమెన్షియా తక్కువగా కనిపించింది. ఆ ప్రాంతపు వృద్ధుల సమాచారాన్నే 2011లో మరో కోణంలో చూసినప్పుడు, చివరకు వ్యాధికి లోనైనవారిలో కూడా, నుడికట్టు పూరించే అలవాటున్నవారికి జ్ఞాపకశక్తి వేగంగా క్షీణించడం సుమారు రెండున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. జ్ఞాపకశక్తి కొంత తగ్గిన 107 మందిపై కొలంబియా, డ్యూక్ విశ్వవిద్యాలయాలవారు 78 వారాలపాటు జరిపిన పరీక్ష 2022లో వెలువడింది. అందులో కంప్యూటరుపై ఆడే ఇతర మెదడు ఆటలకన్నా నుడికట్టే మెరుగైన ఫలితం చూపింది.

అయితే తొందరపడి ఒక నిర్ధారణకు రావద్దు. ఆడినందువల్ల మెదడు బాగుందా, మెదడు బాగున్నందువల్ల ఆడగలిగారా అన్న ప్రశ్న మొదటి రెండు అధ్యయనాలలోనూ మిగిలే ఉంది. మూడవది చిన్న పరీక్ష. ఒక ఆటను పదేపదే ఆడితే ప్రధానంగా ఆ ఆటలోనే నైపుణ్యం పెరుగుతుందనే అభిప్రాయం కూడా బలంగా ఉంది. మెదడు ఆటలతో మరపును ఆపుతామని ప్రచారం చేసుకున్న ఒక సంస్థ, తగిన ఆధారాలు చూపలేక 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. కనుక డబ్బు కట్టి ఏదో యాప్ తెచ్చి పెద్దల చేతిలో పెట్టి, మన బాధ్యత తీరిందనుకుంటే అది పొరపాటు. మనకు కావలసిన ఆటలు మన దగ్గరే ఉన్నాయి. వాటికి ఖర్చు లేదు. మరో మనిషి మాత్రం ఎదురుగా కూర్చోవాలి.

ఇంట్లో ఆడదగిన ఆటలు

పొడుపు కథ: ప్రశ్న రూపంలో ఆలోచన రేకెత్తించడం మనకు కొత్త కాదు. ఒకనాడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ సహచరులను, ఆకులు రాలని, ముస్లింను పోలిన చెట్టు ఏమిటో చెప్పమని అడిగిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. అందరి ఆలోచనలూ అడవి చెట్ల వైపు మళ్లాయి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు అది ఖర్జూర చెట్టని స్ఫురించింది. కాని తాను చిన్నవాడు, పెద్దలంతా మౌనంగా ఉన్నారు. గౌరవంతో ఆయన నోరు విప్పలేదు. నాడు పెద్దల ఎదుట చిన్నవాడు మర్యాద కొద్దీ మౌనం వహించాడు. నేడు మన ఇళ్లలో చిన్నవారి ఎదుట పెద్దలు భయం కొద్దీ మౌనంగా ఉంటున్నారు. ఈ రెండు మౌనాలకు ఎంత దూరం!

మా ఇంట్లో మార్పు మొదలైనది ఒక పొడుపు కథతోనే. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఫోన్లు చార్జింగ్ లేక మూలబడ్డాయి. నాలుగవ తరగతి చదువుతున్న మా అమ్మాయి తోచక అమ్మీ మంచం మీదకు చేరింది.

"దాదీ, ఒక పొడుపు కథ చెబుతాను. విప్పుతారా?"

"విప్పితే ఏమిస్తావు?"

అమ్మీ మాటలో అలాంటి కొంటెతనం విని ఎంతకాలమైందో మాకు గుర్తులేదు. అమ్మాయి అడిగినదాన్ని ఆమె ఇట్టే విప్పారు. తరువాత తానొకటి వేశారు: "నోరున్నా మాట్లాడదు, కొమ్మున్నా పొడవదు, వుజూ వేళ అందరికన్నా ముందు నిలబడుతుంది. ఏమిటది?" అమ్మాయి ఆవు అంది, మేక అంది, చివరకు ఓటమి ఒప్పుకుంది. "కొమ్ముచెంబు" అన్నారు అమ్మీ. పుట్టినప్పటి నుంచి కుళాయి దగ్గరే వుజూ చేసుకున్న పిల్లకు కొమ్ముచెంబు అంటే ఏమిటో తెలియదు. ఆ చెంబు ఆకారం, దానితో నీళ్లు పొదుపుగా పోసే తీరు, తన పుట్టిల్లయిన నరసరావుపేటలో అది ఎక్కడ ఉండేదో అమ్మీ వివరించసాగారు. కరెంటు వచ్చినా వారిద్దరూ గమనించలేదు.

మరునాడు అమ్మాయి ఒకటి స్వయంగా అల్లింది: "నెలనెలా వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఏడాదికి రెండుమార్లు మాత్రం ఊరంతా మిద్దెలెక్కి వెతుకుతుంది." నెలవంక అని అమ్మీ చెప్పేసరికి పిల్ల ముఖం వెలిగింది. పొడుపు కథ విప్పడం కన్నా అల్లడం కష్టం. వస్తువును చూడాలి, దాని గుణాలను విడదీయాలి, పేరు దాచి తక్కినది చెప్పాలి. పెద్దలను విప్పమనడమే కాక అల్లమని కూడా అడగాలి.

బైత్‌బాజీ: ఉర్దూ తెలిసిన ఇళ్లకు ఇది తరతరాల వారసత్వం. ఒకరు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగుస్తుందో, ఆ అక్షరంతో మొదలయ్యే షేర్‌ను ఎదుటివారు చదవాలి. ఉర్దూ షేర్లు ఎన్నో 'హై' అనే మాటతో ముగుస్తాయి కనుక 'యే' అక్షరం పదేపదే వస్తుంది. అందుకే ఆరితేరినవారు 'యాద్', 'యార్' వంటి మాటలతో మొదలయ్యే షేర్లను ముందుగానే పోగుచేసుకుంటారు. కంఠస్థం చేసినది వెలికి తీయడం, చివరి అక్షరాన్ని పట్టుకోవడం, చదివేసినది మళ్లీ చదవకుండా చూసుకోవడం అనే మూడు పనులు ఇందులో ఏకకాలంలో జరుగుతాయి.

షేర్లు రానివారు మాటల గొలుసు ఆడవచ్చు. గుణింతాన్ని పట్టించుకోకుండా చివరి హల్లుతో కొత్త మాట చెప్పాలి: కమలం, లవంగం, గంధం, ధనియాలు, లడ్డూ, డబ్బా. ఇలా సాగిపోతుంది. వంటింటి సామాన్ల పేర్లే చెప్పాలి, ఊళ్ల పేర్లే చెప్పాలి అని నియమం పెడితే ఆట బిగుస్తుంది.

రెండు భాషల ఆట: హైదరాబాదు పరిశోధనను దృష్టిలో పెట్టుకుంటే మన ఇళ్లకు ఇది అన్నిటికన్నా తగినది. పెద్దలు ఉర్దూలో ఒక మాట చెప్పాలి, పిల్లలు తెలుగులో చెప్పాలి. నమక్ అంటే ఉప్పు, ఇమ్లీ అంటే చింతపండు అనేంతవరకు పిల్లలు ఉత్సాహంగా చెబుతారు. అజ్వాయిన్ అనగానే ఆగిపోతారు. వాము అని దాదీయే చెప్పాలి. తరువాత వంతు మారాలి. పిల్లలు తెలుగు మాట ఇస్తే పెద్దలు ఉర్దూలో చెప్పాలి. దీనికే మరో రూపం, తెలుగులో కలిసిపోయిన ఉర్దూ మాటలను వెతకడం. కాగితం, జవాబు, తారీఖు, కుర్చీ, జేబు, వకీలు, ఖర్చు, హాజరు, దస్తావేజు, ఫిర్యాదు... ఒక దినపత్రిక పుట ముందు పెట్టుకుని ఇద్దరూ వేటాడితే పదిహేను నిమిషాలు ఇట్టే గడుస్తాయి. ఇరుగుపొరుగులుగా బతికిన రెండు భాషలు ఒకదానికొకటి ఎంత ఇచ్చిపుచ్చుకున్నాయో పిల్లలకు పాఠం చెప్పకుండానే తెలుస్తుంది.

నిషిద్ధాక్షరి: ఇది తెలుగు అవధానంలోని ఒక అంశం. అవధాని పద్యం చెబుతుండగా పృచ్ఛకుడు ఫలానా అక్షరం వాడరాదని అడ్డుతగులుతాడు. ఇంట్లో పద్యాలు అవసరం లేదు. 'మ' అక్షరం రాకుండా ఒక నిమిషం పాటు బిర్యానీ వండే విధానం చెప్పమనండి. మాంసం అనరాదు, మసాలా అనరాదు, మిరపకాయ అనరాదు, మంట అనరాదు, చివరకు 'దమ్' అని కూడా అనరాదు! పొయ్యి రాజేయడం, నిప్పులు పైన పోయడం అంటూ పెద్దలు దారులు వెతుక్కుంటుంటే ఇల్లంతా నవ్వులే.

నిమిషం ఆట: ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూడటం వైద్యులు జ్ఞాపకశక్తిని అంచనా వేయడానికి వాడే పద్ధతులలో ఒకటి. ఇంట్లో దాన్ని పరీక్షగా కాక సరదాగా ఆడవచ్చు. పండ్లు, పక్షులు, మిఠాయిలు, పూలు ఏవైనా సరే. గడియారం కూడా పక్కన పెట్టేస్తే మరీ మంచిది. గుంటూరు నుంచి నంద్యాల వచ్చే రైలు దారిలోని ఊళ్లు చెప్పమంటే మా అమ్మీ నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు అని ఎక్కడా తడబడకుండా నంద్యాల చేరతారు. పెళ్లై వచ్చిన నాటి నుంచి పుట్టింటికి వెళ్లివచ్చిన దారి అది! పెద్దలు నడిచిన దారులనుంచి, చేసిన వృత్తులనుంచి ఆట పుట్టినప్పుడు వారు గెలుస్తారు. దర్జీ పని చేసిన తాతను బట్టల పేర్లు అడగాలి. మేస్త్రీగా పనిచేసినవారిని పనిముట్ల పేర్లు అడగాలి.

ఆట పరీక్షగా మారకూడదు

ఏ ఆట ఆడామన్న దానికన్నా ఎలా ఆడామన్నది ముఖ్యం. మా అనుభవంలో తెలిసిన కొన్ని సంగతులు ఇవి.

మొదటిది, ప్రశ్న వేసే స్థానం పెద్దలకు ఇవ్వాలి. అడిగేవాడికి జవాబు తెలుసు కనుక భయం ఉండదు. ఎల్లప్పుడూ మనమే అడుగుతుంటే, ఈద్ నాటి "నేనెవరో చెప్పండి" అన్న ప్రశ్నకూ ఈ ఆటకూ తేడా ఉండదు.

రెండవది, మాట దొరకనప్పుడు వెంటనే అందించవద్దు, ఎదురుచూస్తూ గుచ్చి చూడనూ వద్దు. పది అంకెలు లెక్కించేంతసేపు ఆగి మొదటి అక్షరం అందిస్తే చాలు. తమంతట తాము పట్టుకున్న మాట వారికి సంతోషాన్నిస్తుంది.

మూడవది, "అది కూడా గుర్తులేదా?", "నిన్ననే కదా చెప్పాము!" అన్న మాటలు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు విసుగును సూచించే చిన్న మాటను కూడా దివ్య ఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో వారించింది. మరచిపోయినవారిని మరచిపోయారని ఎత్తిచూపడం అంతకన్నా పెద్ద మాటే అవుతుంది.

నాలుగవది, వేళ చూసుకోవాలి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. రాత్రి పొద్దుపోయాక కన్నా, అస్ర్ నమాజ్ తరువాతి సమయం అనేకులకు అనువుగా ఉంటుంది. డిమెన్షియా ఉన్నవారిలో కొందరికి చీకటి పడేవేళ కలవరం ఎక్కువవుతుంది. వారిని అప్పుడు ఆటకు పిలవకూడదు. రాసే ఆటలైతే అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వెలుతురు బాగుండాలి.

ఐదవది, ఆటలో పందెం ఉండకూడదు. రూపాయి పందెమైనా జూదానికి దారితీసేదే. నమాజ్ వేళను మరిపించే ఆట కూడా మనకు తగదు. గెలిచినవారికి పెద్దల దుఆయే బహుమానం.

వ్యాధి ముదిరినవారికి పైన చెప్పిన ఆటలు కష్టం కావచ్చు. అప్పుడు గెలుపోటములు వదిలేసి, వారు జీవితమంతా వాడిన సామెతను సగం చెప్పి ఆగండి. తక్కిన సగం వారే పూర్తి చేయవచ్చు. చిన్ననాడు కంఠస్థమైనవి చాలాకాలం చెరగకుండా నిలుస్తాయి. మనవళ్ల పేర్లు తట్టనివారు సైతం ఫాతిహా సూరాను పొల్లుపోకుండా పఠించడం మనలో అనేకులు చూసినదే. ఖుర్‌ఆన్ పఠనం ఆట కాదు, ఆరాధన. అందువల్ల దాన్ని జ్ఞాపక పరీక్షగా మార్చకుండా, వారి పక్కన కూర్చుని వారితో గొంతు కలిపి పఠించడమే మర్యాద.

ఆట మందుకు బదులు కాదు

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. అమ్మీ పేర్లు మరచిపోవడాన్ని వయసు లక్షణమని మేము రెండేళ్లు వదిలేశాము. చివరకు వైద్యునికి చూపించినప్పుడు ఆమెకు వినికిడి బాగా తగ్గిందని, బి12 విటమిన్ లోపం ఉందని తేలింది. మేము మరపు అనుకున్నదానిలో కొంత అసలు మరపే కాదు. ఆమెకు సగం మాటలు వినబడలేదు. వినబడనిదాన్ని గుర్తుపెట్టుకోవడం ఎవరికి సాధ్యం?

డిమెన్షియాపై లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో 14 కారణాలను పేర్కొంది. వాటన్నిటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని నివారించడం లేదా ఆలస్యం చేయడం సాధ్యమని అంచనా వేసింది. రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, శరీరశ్రమ లేకపోవడం, వినికిడి లోపం, చూపు లోపానికి చికిత్స చేయించకపోవడం, మానసిక కుంగుబాటు, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. శుక్లాలు ముదిరినా ఆపరేషన్ వాయిదా వేయడం, చెవి మిషన్ పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని సంకోచించడం మన ఇళ్లలో మామూలే. ఇవి మెదడుకు కూడా హాని చేస్తాయని గుర్తించాలి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, కుంగుబాటు వల్ల కలిగే మరపు చికిత్సతో మెరుగుపడే అవకాశం ఉంది. కనుక మరపు పెరుగుతున్నట్లు తోస్తే ముందు వైద్యునికి చూపించాలి. ఆట ఆ తరువాత.

ఇప్పుడు అమ్మీ చెవి మిషన్ వాడుతున్నారు, మందులు వేసుకుంటున్నారు. అస్ర్ తరువాత మనవరాలితో ఆట ఆడుతున్నారు. వీటిలో దేని వల్ల ఎంత మేలు జరిగిందో మేము విడదీసి చెప్పలేము. ఆమె మరపు పోయిందని కూడా అనలేము. బీరువా తాళాలు ఇప్పటికీ వారానికి ఒకసారైనా కనిపించకుండా పోతాయి. కొన్ని పేర్లు ఇప్పటికీ నోటికి రావు.

మొన్నటి ఈద్‌కు మాత్రం ఆమె తనంతట తానే ముందుగదిలోకి వచ్చి కూర్చున్నారు. వచ్చినవారందరికీ మేము ముందే ఒక మాట చెప్పి ఉంచాము: లోపలికి రాగానే సలాం చెప్పి, మీ పేరు, మీ అబ్బా పేరు మీరే చెప్పండి అని. దూరపు బంధువు ఒకరు అలాగే చెప్పి ఆమె పక్కన కూర్చున్నారు. అమ్మీ ఆయన చేతిలో షీర్‌ఖుర్మా గిన్నె పెట్టి, "తినే ముందు ఒకటి చెప్పు బేటా" అన్నారు. "నోరున్నా మాట్లాడదు, కొమ్మున్నా పొడవదు. ఏమిటది?"

ఆయనకు తెలియలేదు. గదిలో అందరూ నవ్వారు. ఈసారి అందరికన్నా ఎక్కువగా నవ్వినది అమ్మీయే.

పాఠకులారా! మీ ఇంట్లోనూ మాటలు తగ్గించుకుని కూర్చున్న ఒక పెద్ద దిక్కు ఉండవచ్చు. ఈ రోజు అస్ర్ తరువాత ఫోను లోపల పెట్టి వారి పక్కన కూర్చోండి. ఏమీ అడగకండి. నన్నొక ప్రశ్న అడగండి అని మాత్రం అనండి. అల్లాహ్ మన పెద్దల మాటను, మతిని, మన ఇళ్లలో వారి నీడను చిరకాలం నిలుపుగాక. ఆమీన్.